అగ్నిపరీక్షలో కాంక్రీటు

కాంక్రీటు కాలుతుందా అని అడిగితే హైస్కూలు విద్యార్థి ఎవరైనా కాలదనే చెబుతాడు. ఆ సమాధానం సరియైనదే. సిమెంటు, ఇసుక, కంకర - ఇవన్నీ ఆమ్లజనితో కలియవలసినంత ఇదివరకే కలిసిపోయిన పదార్థాలు. ఇక మండడానికి వాటిలో ఏమీ మిగలలేదు. కాని ఇంటికి నిప్పంటుకొని రెండు గంటలు మండినప్పుడు మనకు కావలసిన సంగతి అది కాదు. ఆ స్తంభం నెత్తిమీది బరువును మునుపటివలె మోయగలదా? మంట ఆర్పడానికి లోపలికి వెళ్ళిన మనుషులు తిరిగి బయటికి వచ్చేవరకు పైకప్పు ఆగుతుందా? అంతా చల్లారిన తరువాత ఆ ఇంటిలో మళ్ళీ కాపురం పెట్టవచ్చునా, లేక పడగొట్టవలసిందేనా? కాలని వస్తువు చెడని వస్తువు కాదని, ఎంత వేడికి ఎంత చెడుతుందో కొలిచి చూడవలసిందేనని తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు చాలా కాలమే పట్టింది. ఆ విచారణ ఎట్లా సాగిందో చూద్దాము.

దీనికి మొదలు కాంక్రీటులో లేదు, ఇనుములో ఉన్నది. 19వ శతాబ్దంలో ఇంగ్లండు నూలుమిల్లులు, గిడ్డంగులు తరచుగా తగలబడుతూ ఉండేవి. కొయ్య స్తంభాలు తీసివేసి పోత ఇనుప స్తంభాలు నిలిపి, వాటికి 'అగ్ని అంటని భవనాలు' అని పేరు పెట్టారు. ఇనుము కూడా కాలదు కదా! కాని ఉక్కు 550, 600 డిగ్రీలకు చేరేటప్పటికి (ఈ వ్యాసంలో ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ కొలతలోనే) తన బలంలో సుమారు సగం పోగొట్టుకుంటుంది. పోత ఇనుము మరీ అన్యాయం; ఎర్రగా కాగినప్పుడు నీళ్ళు తగిలితే చప్పున పగులుతుంది. లండన్ అగ్నిమాపక దళానికి అధిపతియైన జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ ఇటువంటి భవనాలను నమ్మరాదని 1840ల నుంచే హెచ్చరిస్తూ వచ్చాడు. 1861 జూన్ 22న లండన్‌లో టూలీ స్ట్రీటు గిడ్డంగులు తగలబడినప్పుడు గోడ ఒకటి కూలి మీద పడి ఆయన మరణించాడు. ఆ గోడ పాపం ఇనుముదేనని చెప్పలేము. కాని 'అగ్ని అంటనిది' అన్న మాటను విన్నవెంటనే నమ్మరాదన్న వివేకం ఆయనతోనే మొదలయింది.

ఇనుమును వేడి నుంచి కాపాడే తొడుగు కావలసి వచ్చింది. సిమెంటు అప్పటికే ఉన్నది. లీడ్స్ పట్టణపు తాపీమేస్త్రి జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. న్యూకాజిల్‌లో గచ్చుపని చేసే విలియం విల్కిన్సన్ 1854లో కాంక్రీటు అంతస్తులలో ఇనుప తీగల తాళ్ళు పొదిగే పద్ధతికి పేటెంటు పొందాడు. బొగ్గుగనులలో వాడి పారవేసిన తాళ్ళే అందుకు పనికివచ్చేవి. అతడు కోరిన ప్రయోజనం ఎత్తయిన మేడలు కట్టడం కాదు, అగ్నికి ఆగే నేలలు కట్టడం. అంటే ఈనాడు మనం ఆర్.సి.సి. అని పిలిచే పదార్థం పుట్టినదే అగ్నిభయం నుంచి అన్నమాట.

అయితే దీనిని మొట్టమొదట శాస్త్రీయంగా పరీక్షించిన వాడు అమెరికనైన థాడియస్ హయట్. ఈయనది విచిత్రమైన జీవితం. బానిసత్వ నిర్మూలనకు పాటుపడి, 1860లో సెనేటు సంఘం ఎదుట సాక్ష్యం చెప్పనని మొండికెత్తి చెరసాలకు వెళ్ళాడు. కాలిబాటలలో గాజుబిళ్ళలు బిగించి నేలమాళిగలకు వెలుతురు వచ్చే ఏర్పాటు కనిపెట్టి ధనం సంపాదించాడు. ఆ ధనంతో లండన్‌లో సుమారు 50 కాంక్రీటు దూలాలు చేయించి, డేవిడ్ కర్కాల్డీ పరీక్షాశాలలో విరగగొట్టించి, ఫలితాలను 1877లో స్వంత ఖర్చుతో అచ్చువేయించాడు. ఆ పుస్తకపు పేరులోనే 'అగ్ని నుంచి భద్రత' అన్న మాట ఉన్నది. బరువు మోస్తున్న అంతస్తు కింద మంటపెట్టి, ఆపైన నీళ్ళు కొట్టి కూడా చూశాడు.

హయట్ గ్రహించిన ముఖ్య విషయం ఒకటి చెప్పాలి. ఇనుము, కాంక్రీటు వేడికి దాదాపు సమానంగా వ్యాకోచిస్తాయి. మీటరు పొడవున్న ఉక్కుకడ్డీ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. కాంక్రీటు సుమారు 1 మిల్లీమీటరు సాగుతుంది. ఇట్లా కాక ఒకటి ఎక్కువగాను మరొకటి తక్కువగాను సాగి ఉంటే, ఎండాకాలం మధ్యాహ్నపు వేడికే కడ్డీ కాంక్రీటును వదిలిపెట్టి ఉండేది. అగ్ని మాట అట్లా ఉంచి, ఆర్.సి.సి. అన్నదే ఉండేది కాదు. ఇది ఒక ప్రకృతి సిద్ధమైన అదృష్టమనే చెప్పాలి. హయట్‌కు రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. ఆ పేరంతా 1892లో పేటెంటు తీసుకొని యూరపు అంతటా వ్యాపారం విస్తరించిన ఫ్రెంచి ఇంజనీరు హెన్నెబీక్‌కు పోయింది. ఇక ఘోరమైన అగ్నిప్రమాదాలు ఉండవన్నదే ఆయన కంపెనీ ప్రచారం చేసిన మాట.

కొన్నాళ్ళు ఆ మాట నిజమే అనిపించింది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో బేయాన్ అనే చోట ఎర్నెస్ట్ రాన్సమ్ కట్టిన టంకణం ఫ్యాక్టరీ 1902లో తగలబడింది. లోపలి లోహపు సామగ్రి కరిగి వంకరలు తిరిగింది. కాంక్రీటు గోడలూ అంతస్తులూ మాత్రం నిలిచే ఉన్నవి. దూరప్రాంతాల నుంచి ఇంజనీర్లు వచ్చి చూసిపోయారు. కాంక్రీటు పరపతి ఒక్కసారిగా పెరిగింది.

సరిగా ఆ సమయంలోనే వివేకవంతులు కొందరు మాటను దిద్దడానికి పూనుకున్నారు. ఎడ్విన్ శాక్స్ అనే వాస్తుశిల్పి 1897లో బ్రిటిష్ అగ్నినివారణ సంఘాన్ని స్థాపించి, అంతస్తులను, తలుపులను నిజంగా మంటలో పెట్టి పరీక్షించే కార్యక్రమం సాగిస్తూ ఉండేవాడు. 1903లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభలో 'అగ్ని అంటనిది' అన్న మాటను విడిచిపెట్టి 'అగ్నిని నిరోధించేది' అని మాత్రమే అనాలని తీర్మానించారు. ఎంతసేపు నిరోధిస్తుందో కూడా చెప్పాలన్నారు. ఇది మాటల తగవు కాదు. మొదటి మాటలో కొలవడానికి ఏమీ లేదు. రెండవదానిలో గడియారం వచ్చి చేరింది.

గడియారానికి తోడు ఉష్ణమాపకం కూడా కావాలి. మండే కొలిమి ఉష్ణోగ్రతను కొలవడానికి పాదరసపు ఉష్ణమాపకం పనికిరాదు. ఆ లోటు తీర్చినవాడు ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు హెన్రీ లీ చాట్లియర్. సమతాస్థితి గురించిన లీ చాట్లియర్ సూత్రాన్ని చదివిన విద్యార్థులకు ఆయన పేరు కొత్త కాదు. కాని ఆ సూత్రం చెప్పిన (1884) మనిషే కాంక్రీటు కథలో మూడు చోట్ల కనిపిస్తాడని చాలామందికి తెలియదు. ప్లాటినం, ప్లాటినం-రోడియం తీగలను జతచేసి వేడిని విద్యుత్తుగా కొలిచే ఉష్ణయుగ్మాన్ని 1880లలో ఆచరణకు తెచ్చినవాడు ఆయన. సిమెంటు నీటితో కలిసి ఎందుకు గట్టిపడుతుందో 1887లో తన పరిశోధనా గ్రంథంలో వివరించినవాడూ ఆయనే. పలుగురాయి 570 డిగ్రీల దాపున హఠాత్తుగా స్వరూపం మార్చుకుంటుందని 1889లో కనుగొన్నవాడూ ఆయనే. ఈ మూడవదానికి కాంక్రీటుతో సంబంధం ఉన్నదని అప్పుడు ఎవరికీ తోచలేదు.

కాంక్రీటును కొలిమిలో పెట్టి, ఇంత ఉష్ణోగ్రత వద్ద ఇంత బలమని లెక్క కట్టే పనిని అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయపు ఐరా వుల్సన్ 1905లో ప్రకటించాడు. నమూనాలను అంచెలంచెలుగా వేడిచేసి, యంత్రంలో నలగగొట్టి, బలం తగ్గుతున్న తీరు చూపించాడు. తరువాత కాంక్రీటు గుండా వేడి ఎంత నెమ్మదిగా ప్రవహిస్తుందో కూడా కొలిచాడు. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. వేడికి కాంక్రీటు బలహీనపడే మాట నిజం. కాని వేడి దాని లోపలికి చాలా మెల్లగా పోతుంది. ఒక గంటసేపు భయంకరమైన అగ్నిలో ఉన్న శ్లాబు అడుగుభాగం 900 డిగ్రీలకు దగ్గర పడవచ్చు. అప్పుడు 25 మిల్లీమీటర్ల లోపల సుమారు 400 డిగ్రీలు, 50 మిల్లీమీటర్ల లోపల సుమారు 200 డిగ్రీలు మాత్రమే ఉంటుంది. పైపొర తాను చెడిపోతూ లోపలి భాగాన్ని కాపాడుతుంది. బేయాన్ ఫ్యాక్టరీని నిలిపినది ఈ గుణమే.

పైపొర నిలిచి ఉన్నంతసేపే ఈ రక్షణ. అది ఊడిపోతే? 1914 డిసెంబరు 9 రాత్రి న్యూజెర్సీలో వెస్ట్ ఆరెంజ్ వద్ద థామస్ ఎడిసన్ కర్మాగారాలు తగలబడినవి. ఎడిసన్ స్వయంగా సిమెంటు ఫ్యాక్టరీ పెట్టినవాడు. కాంక్రీటు భవనాలు అగ్నికి జంకవని గట్టిగా నమ్మినవాడు. భవనాల చట్రాలు చాలావరకు నిలిచినవి గాని లోపలి సామగ్రి అంతా బుగ్గి అయింది. కొన్ని స్తంభాల కాంక్రీటు పెచ్చులుగా ఊడి కడ్డీలు బయటపడినవి. మరమ్మతులు చేసి ఆ భవనాలను తిరిగి వాడుకున్నారు. కాంక్రీటును మెచ్చుకునేవారికీ నిందించేవారికీ ఈ ఒక్క అగ్నిప్రమాదంలోనే చాలినంత సాక్ష్యం దొరికింది.

ఒకే కొలిమి, ఒకే తీరు మంట లేనిదే ఈ వాదాలు తెగవు. 1910ల చివర అమెరికాలో వుల్సన్ మొదలైనవారి ఆధ్వర్యంలో ఒక ప్రామాణికమైన అగ్నిరేఖ ఏర్పడింది. పరీక్షకు పెట్టిన కొలిమి 5 నిమిషాలలో 538 డిగ్రీలు, 30 నిమిషాలలో 843, గంటలో 927, నాలుగు గంటలలో 1093 డిగ్రీలు చేరాలి. ఇవి ఫారన్‌హీటులో 1000, 1550, 1700, 2000 - అందుకే మన కొలతలో అంకెలు ఇట్లా వంకరగా కనబడుతున్నవి. అన్ని పరీక్షలకూ మంట ఒకటే అయినప్పుడు, తేడా వస్తే అది పదార్థానిదే అని చెప్పవచ్చు. తేడా వచ్చింది కూడా. అమెరికా ప్రమాణాల సంస్థ వారు పిట్స్‌బర్గ్‌లో స్తంభాలు కాల్చి చూసినప్పుడు, సున్నపురాయి కంకరతో పోసినవి గంటల తరబడి నిలిచినవి. పలుగురాయి పాలు ఎక్కువగా ఉన్న గులకరాళ్ళతో పోసినవి పెచ్చులూడి ముందుగా లొంగిపోయినవి. సిమెంటు ఒకటే, కడ్డీ ఒకటే. మారినది కంకర.

ఇంగ్లండులో ఎఫ్. సి. లీ, స్ట్రాడ్లింగ్ అనే ఇద్దరు 1922లో దీనికి కారణాన్ని విడమరిచి చెప్పారు. కాంక్రీటులో రెండు విరోధులు కాపురం చేస్తున్నవి. కంకర వేడికి సాగుతుంది. గట్టిపడిన సిమెంటు ముద్ద మొదట కొంచెం సాగినా, లోపలి నీరు పోయినకొద్దీ కుంచించుకుంటుంది. ఒకటి పెరుగుతూ మరొకటి తరుగుతూ ఉంటే వాటి మధ్య పగుళ్ళు రాక తప్పదు.

ఈ సంగతిని కొంచెం నిదానంగా చూడడం మంచిది; రసాయనశాస్త్ర పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అట్లా అయితే తాపీమేస్త్రి రోజుల తరబడి శ్లాబు మీద నీళ్ళు నిలవకట్టడం ఎందుకు? సిమెంటు నీటితో సంయోగం చెందితేనే గట్టిపడుతుంది. ఆ సంయోగంలో కాల్షియం, సిలికా, నీరు కలిసిన బంక ఒకటి పుడుతుంది; దానితోపాటు తడిసున్నం స్ఫటికాలు కూడా పుడతాయి. అంటే కాంక్రీటు బలంలో నీటికి భాగమున్నది. ఆ నీటిని అగ్ని అంచెలంచెలుగా వెళ్ళగొడుతుంది. 100 డిగ్రీల దాపున రంధ్రాలలో ఉన్న విడి నీరు ఆవిరి అవుతుంది. ఆపైన బంకలోని నీరు క్రమంగా వదులుతుంది. 400-500 డిగ్రీల మధ్య తడిసున్నం తన నీటిని పోగొట్టుకొని పొడిసున్నంగా మారుతుంది. 573 డిగ్రీల వద్ద పలుగురాయి, లీ చాట్లియర్ చెప్పినట్లు, స్వరూపం మార్చుకొని ఘనపరిమాణంలో సుమారు ఒక శాతం ఎకాయెకి పెరుగుతుంది. ఇసుకలోనూ గులకరాయిలోనూ కోట్లకొద్దీ రేణువులు ఒకేసారి ఇట్లా ఉబ్బితే చుట్టూ ఉన్న సిమెంటు ఏమవుతుందో ఊహించుకోవచ్చు. సున్నపురాయి సంగతి వేరు. 700, 800 డిగ్రీల దాకా పోతేగాని అది విడిపోదు. విడిపోయేటప్పుడు కూడా చాలా వేడిని తాగి, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. సున్నపు బట్టీకి ఎన్ని కట్టెలు కావాలో తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఆ తాగిన వేడి అంతా లోపలికి పోకుండా మిగిలినట్లే.

పలుగురాయి కంకర ఉన్న మామూలు కాంక్రీటు 400 డిగ్రీల వద్ద మొదటి బలంలో నాలుగింట మూడు వంతులు, 600 వద్ద సగానికి తక్కువ, 800 వద్ద ఆరింట ఒక వంతు మాత్రమే నిలుపుకుంటుందని ఈనాటి యూరపు ప్రమాణాలు లెక్కిస్తున్నవి. సున్నపురాయి కంకర అయితే 600 వద్ద కూడా నూటికి 60 పాళ్ళు మిగులుతుంది.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉన్నది. దీనిని కూడా లీ, స్ట్రాడ్లింగ్ గుర్తించారు. పొడిసున్నం మీద నీళ్ళు చల్లితే బుసబుస పొంగి, వేడెక్కి, పిండి అవుతుందని వెల్లవేసుకునే ప్రతి ఇంటిలోనూ తెలుసును. అగ్నిలో కాలిన కాంక్రీటులో ఇప్పుడు పొడిసున్నం ఉన్నది. మంట ఆర్పడానికి కొట్టిన నీరో, గాలిలోని చెమ్మో దానికి తగులుతుంది. అది తిరిగి తడిసున్నమై ఉబ్బుతుంది. అందుచేత కొలిమిలో నుంచి తీసినప్పుడు గట్టిగానే ఉన్న ముక్క, కొద్దిరోజులు నిలవ ఉంచితే పగుళ్ళు తీసి బలం పోగొట్టుకుంటుంది. అగ్నిలో నిలిచిన ఇల్లు అగ్ని చల్లారిన తరువాత బలహీనపడడం అంటే ఇదే.

రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబుల వలన ఇంగ్లండులో తగలబడిన భవనాలు అనేకం. ఏది నిలపాలి, ఏది కూల్చాలి అన్న ప్రశ్న పరిశోధకుల మెడకు వచ్చి పడింది. జి. ఇ. బెస్సీ అనే ఆయన 1950లో ప్రకటించిన పరిశీలన అప్పటినుంచి నేటివరకు ఇంజనీర్లకు ఉపయోగపడుతున్నది. ఇసుకలోనూ కంకరలోనూ ఇనుపధాతువు కొద్దిగా ఉంటే, 300 డిగ్రీలు దాటినప్పుడు కాంక్రీటు గులాబిరంగుకు తిరుగుతుంది. 600 దాటితే బూడిదరంగు, 900 దాటితే లేత పసుపు వస్తుంది. ఈ రంగు చల్లారిన తరువాత కూడా పోదు. అంటే గోడ తన జ్వరం లెక్కను తానే రాసిపెట్టుకున్నదన్నమాట!

ఇంతవరకు ప్రయోగశాలలో చిన్నదనిపించే పొరపాటు ఒకటి సాగుతూ వచ్చింది. నమూనాను బరువేమీ లేకుండా వేడిచేసి, తరువాత నలగగొట్టేవారు. ఇంటిలో స్తంభం అట్లా ఖాళీగా ఉండదు కదా! అగ్ని వచ్చినప్పుడు అది బరువు మోస్తూనే ఉంటుంది. ఇంగ్లండులో బోర్‌హామ్‌వుడ్ అగ్నిపరిశోధనా కేంద్రంలో పనిచేసిన హెచ్. ఎల్. మల్హోత్రా ఈ భేదాన్ని పట్టుకున్నాడు. ఆయన 1956లో ప్రకటించిన ప్రయోగాలలో మూడు విధాలున్నవి: బరువు లేకుండా వేడిచేసి వేడిగానే నలగగొట్టడం, బరువు పెట్టి వేడిచేసి వేడిగానే నలగగొట్టడం, వేడిచేసి చల్లార్చిన తరువాత నలగగొట్టడం. ఎవరైనా రెండవదే అన్నిటికంటె అధ్వాన్నం అనుకుంటారు. బరువూ వేడీ రెండూ పడినవి కదా! ఫలితం తారుమారుగా వచ్చింది. బరువు మోస్తూ వేడెక్కిన నమూనాలే ఎక్కువ బలం నిలుపుకున్నవి. చల్లార్చినవి అన్నిటికంటె బలహీనమైనవి. నొక్కుడు వలన కంకరకూ సిమెంటుకూ మధ్య పగుళ్ళు విచ్చుకోవడానికి చోటు దొరకకపోవడమే దీనికి కారణం. సిమెంటు పాలు తక్కువగా ఉన్న మిశ్రమాలు వేడికి మెరుగుగా తాళినవని కూడా ఆయన చూపించాడు. ఎక్కువ సిమెంటు వేస్తే ఎక్కువ గట్టి అనే మన మేస్త్రిల నమ్మకం అగ్ని దగ్గర చెల్లదు. 1971లో అమెరికాలో ఎమ్. ఎస్. ఏబ్రమ్స్ సుమారు 870 డిగ్రీలదాకా ఇటువంటి ప్రయోగాలే చేసి, మల్హోత్రా చూపిన వరుసనే పొందాడు. సున్నపురాయి కంకర కాంక్రీటు 650 డిగ్రీల దగ్గర కూడా వేడిగా ఉన్నప్పుడు నాలుగింట మూడు వంతుల బలం నిలుపుకోవడం ఆయన చూశాడు.

తరువాతి అధ్యాయం బలానికి సంబంధించినదే గాని, తిరగబడిన కథ. 1970ల నుంచి మిశ్రమంలో నీరు తగ్గించి, సన్నని సిలికాధూళి కలిపి, మామూలు కాంక్రీటుకు మూడు నాలుగు రెట్లు గట్టిదాన్ని చేయడం నేర్చుకున్నారు. రంధ్రాలు దాదాపు లేని కాంక్రీటు అది. నీరు చొరదు, తుప్పు పట్టనీయదు. అన్నీ గుణాలే. అయితే లోపలి చెమ్మ ఆవిరి అయితే ఎటు పోవాలి? మూతబిగించిన పాత్రలో ఆవిరి పీడనం 200 డిగ్రీల వద్ద సుమారు 15 వాతావరణాలు, 250 వద్ద సుమారు 39 వాతావరణాలు. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 40 కిలోల ఒత్తిడి. కాంక్రీటు నొక్కుడుకు ఎంత గట్టిదో సాగదీతకు అంత అర్భకమైనది. సాగదీత బలం సంపీడన బలంలో పదోవంతో అంతకు తక్కువో ఉంటుంది. ఈ ఒత్తిడి దాన్ని చీల్చగలదు. కెనడాలో హార్మతీ అనే శాస్త్రజ్ఞుడు 1965లోనే ఈ సంగతి వివరించాడు. వేడి ముందుకు తోసిన చెమ్మ లోపల ఒక గోడలాగా పేరుకొని ఆవిరికి దారి మూసివేస్తుందన్నాడు. పాత కాంక్రీటులో రంధ్రాలున్నవి కనుక ఆవిరి తప్పించుకునేది. కొత్త కాంక్రీటులో ఆ దారి మనమే మూసినాము.

1996 నవంబరు 18న ఇంగ్లండు, ఫ్రాన్సుల నడుమ సముద్రగర్భంలో ఉన్న సొరంగంలో లారీలను మోసుకుపోయే రైలుకు నిప్పంటుకున్నది. ప్రాణనష్టం జరగలేదు. కాని సొరంగపు లోపలి తొడుగు - అర మీటరుకు కొంచెమే తక్కువ మందమున్న, ఎంతో గట్టి కాంక్రీటు - పొరలు పొరలుగా పేలి రాలింది. కొన్నిచోట్ల కొద్ది సెంటీమీటర్లు మాత్రమే మిగిలింది. అంతకంటె మెత్తని కాంక్రీటు అయితే ఇంత పేలి ఉండేది కాదేమో!

దీనికి కనుగొన్న చికిత్స చాలా ముచ్చటైనది. సంచులూ తాళ్ళూ చేసే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కును సన్నని పోగులుగా చేసి కాంక్రీటులో కలుపుతారు. ఘనమీటరుకు 2 కిలోలు చాలునని యూరపు ప్రమాణం (2004) సూచించింది. ఆ పోగులు సుమారు 165 డిగ్రీల దగ్గర కరుగుతాయి. కరిగినచోట సన్నని దారులు ఏర్పడి ఆవిరి బయటికి పోతుంది. అగ్నిని ఎదిరించడానికి అగ్నికి కరిగే వస్తువునే కలపడం! విద్యార్థులకు ఒక హెచ్చరిక: తడి కాంక్రీటు ముక్కనుగాని, ఏటి గులకరాయినిగాని పొయ్యిలో పెట్టి చూడాలనే సరదా పడవద్దు. అది పేలి కళ్ళలో పడుతుంది. తరగతిలో చూపదలచినవారు పొడిసున్నం మీద నీళ్ళు పోయడంతో సరిపెట్టుకోవచ్చు. అది కూడా దూరంగా నిలబడి చూడాలి.

మామూలు కాంక్రీటుతో భయం లేదని అనుకోరాదు. 2004 నవంబరు 27న స్విట్జర్లండులో గ్రెట్‌జెన్‌బాఖ్ అనే ఊరిలో భూగర్భంలోని కార్ల షెడ్డు తగలబడింది. దూలాలు లేకుండా స్తంభాలమీద నేరుగా ఆనించిన శ్లాబు అది. పైన చాలా మట్టి పోసి ఉన్నది. వేడికి బలహీనపడిన శ్లాబును స్తంభాల తలలు పొడుచుకొని పైకి రాగా, అది అంతా ఒక్కపెట్టున కూలింది. లోపల ఉన్న ఏడుగురు అగ్నిమాపకులు మరణించారు. మండేది కార్లే, చంపినది కాలని పైకప్పు. బ్రెయిడ్‌వుడ్ పోత ఇనుము గురించి చెప్పిన హెచ్చరిక నూటయాభై ఏండ్ల తరువాత కాంక్రీటుకు కూడా వర్తించింది.

మన దేశంలో కాంక్రీటు నిర్మాణానికి ప్రమాణం ఐ.ఎస్. 456. మొదట 1953లో వెలువడి, పలుమార్లు సవరణ పొందింది. 2000 సంవత్సరపు ముద్రణలో అగ్నికి ఎన్ని గంటలు నిలవాలంటే కడ్డీమీద ఎంత మందం కాంక్రీటు - మేస్త్రిలు కవరు అంటారు - ఉండాలో పట్టిక ఇచ్చారు. రెండు కొనలా ఆనించిన మామూలు శ్లాబు గంట నిలవాలంటే 20 మిల్లీమీటర్లు, రెండు గంటలకు 35, నాలుగు గంటలకు 55. దూలమైతే రెండు గంటలకు 40, నాలుగు గంటలకు 70. ఈ అంకెల వెనుక హయట్ అంతస్తు, వుల్సన్ కొలిమి, పిట్స్‌బర్గ్ స్తంభాలు అన్నీ ఉన్నవి. కాని పనిచోట జరిగేది చూస్తే మనసు చివుక్కుమంటుంది. కవరు బిళ్ళ పెట్టవలసినచోట కంకరరాయి ఒకటి తోసి, కాంక్రీటు పోసేటప్పుడు అది జారిపోగా, కడ్డీ సెంట్రింగు రేకును తాకుతూ ఉండిపోవడం నేను చూశాను. చెక్కలు విప్పిన తరువాత పైన గచ్చు పూసి దాచివేస్తారు. ఆ శ్లాబుకు అగ్ని దగ్గర గంట లెక్క లేదు, నిమిషాల లెక్కే.

తెలుగుదేశంలో కంకర సంగతి కూడా ఆలోచించదగినది. హైదరాబాదు చుట్టూ, తెలంగాణలో చాలాభాగంలో మనం కొట్టి వాడే రాయి గ్రానైటు. దానిలో పలుగురాయి పాలు తప్పక ఉంటుంది. పల్నాడు, కడప, తాండూరు ప్రాంతాలలో సున్నపురాయి పుష్కలం. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడ వెలసినది దానికోసమే. అగ్ని దృష్టితో చూస్తే సున్నపురాయి కంకరే మేలు. అయినా గ్రానైటు ఇళ్ళు కట్టుకున్నవారు దిగులుపడనక్కరలేదు. కవరు సరిగా ఉంటే లోపలి కాంక్రీటు 573 డిగ్రీలదాకా పోవడానికి ఎంతోసేపు పడుతుంది.

ఇక అగ్ని చల్లారిన తరువాతి మాట. ఇంజనీరు వచ్చి చూసేటప్పుడు అతనికి ముఖ్యమైన భేదం ఒకటి తెలిసి ఉండాలి. వేడిచేసి సాగదీసిన మామూలు కడ్డీ 600 డిగ్రీల వరకు పోయినా, చల్లారితే దాదాపు మునుపటి బలం తిరిగి తెచ్చుకుంటుంది. కాంక్రీటు అట్లా కోలుకోదు. తడిపి ఉంచితే నెలల మీద కొంత కోలుకోవచ్చును గాని, పోయినదంతా తిరిగి రాదు. అందుచేత ముందుగా సుత్తితో తట్టి చూస్తారు. ఖంగున మోగితే ఒక తీరు, బొద్దుగా పలికితే మరొక తీరు. తరువాత స్తంభంలో నుంచి కడ్డీదాకా పోయే గుండ్రని ముక్క కోసి తీస్తారు. యంత్రంలో నలగగొట్టే ముందు దానిని తడిపి వెలుతురులో పెట్టి, బెస్సీ చెప్పిన గులాబిరంగు ఎంతలోతు పోయిందో స్కేలుతో కొలుస్తారు. మన గ్రానైటు కంకరలో ఆ రంగు అంత స్పష్టంగా తేలదు. అప్పుడు పలుచని ముక్కలు కోసి సూక్ష్మదర్శినిలో పగుళ్ళు వెతకవలసి వస్తుంది. రంగు గీత కడ్డీకి ఈవల ఆగితే చెడిన పొరను చెక్కివేసి కొత్త కాంక్రీటు తొడిగి స్తంభాన్ని ఉంచవచ్చు. గీత కడ్డీని దాటి లోపలికి పోయినట్లయితే పైకప్పుకు పోట్లు పెట్టి, ఆ స్తంభానికి ఎంత బలం మిగిలిందో మళ్ళీ మొదటినుంచి లెక్క కట్టవలసి ఉంటుంది.